ఏడుగురు తాతల పేర్లు అడిగిన దేశం

బిష్కెక్‌లో నా మొదటి రాత్రి. దస్తర్‌ఖాన్ మీద గుండ్రటి నాన్‌లు, పియాలాల్లో చాయ్. నేను ఏడాదిపాటు ఉండబోయే ఇల్లు అది. ఇంటి పెద్దావిడకు ఎనభై ఏళ్లు దాటాయి. నా చదువు గురించి గానీ, మా వతన్ గురించి గానీ అడక్కుండా, ఆవిడ నేరుగా ఒకే సవాల్ వేసింది. మనవరాలు దాన్ని తర్జుమా చేసింది: "నీ ఏడుగురు తాతల పేర్లు చెప్పమంటోంది."

అబ్బా పేరు చెప్పాను. దాదా పేరు చెప్పాను. కొంచెం ఆలోచించి పర్‌దాదా పేరు చెప్పాను. ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాల్ అంటే పంతం. ఆ రాత్రి నాకు రెండు మానేలూ సరిపోయాయి.

కిర్గిజ్ జబాన్‌లో దీన్ని "జెతి అతా" అంటారు. తండ్రితో మొదలుపెట్టి ఏడు తరాల పేర్లు ప్రతి పిల్లాడికీ నోటికి రావాలి. ఆ ఏడు తరాల లోపల నికాహ్ చేసుకోకూడదన్నది వాళ్ల పాత రివాజ్. మన ఖాందాన్‌లలో ఖాలా కూతుర్నీ, మామూ కూతుర్నీ చేసుకుంటామని చెబితే ఆవిడ "తౌబా" అన్నట్టు చెంపల మీద చేతులు పెట్టుకుంది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ పడుకున్నాక ఆ మూడో పేరు దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ ఏడాదంతా నేను నేర్చుకున్న తారీఖ్ అక్కడే మొదలైంది.

నేను వెళ్లింది 2015 సెప్టెంబర్‌లో. హైదరాబాద్‌లో ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నప్పుడు ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌గా ఏడాది పాటు కిర్గిజ్‌స్తాన్‌లో చదివే మౌఖా దొరికింది. మొహల్లాలో చెబితే ఒకరు "పాకిస్తానా?" అన్నారు, ఇంకొకరు "రష్యా పక్కన కదా, అక్కడ నమాజ్ ఎక్కడ చదువుతావు బేటా?" అని ఫికర్ పడ్డారు. ఆ పేరు బాగా తెలిసినవాళ్లు ఒక్కరే: కొడుకునో కూతురినో డాక్టర్ చదువుకు అక్కడికి పంపిన తల్లిదండ్రులు. మన రెండు తెలుగు రాష్ట్రాల నుండీ బిష్కెక్‌కు, ఓష్‌కు పిల్లలు వెళ్తూనే ఉన్నారు. ఆరేళ్లు అక్కడ ఉండి వచ్చినవాళ్లు కూడా చలి గురించి, హాస్టల్ ఖానా గురించి చెబుతారే గానీ ఆ నేల కథ చెప్పరు. వాళ్ల తప్పేమీ లేదు, సిలబస్‌లో అది లేదు.

దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం అది. అందులో ఎక్కువ భాగం పహాడ్‌లే. చుట్టూ కజాఖ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, చైనా. 1991 ఆగస్టు 31న సోవియట్ యూనియన్ నుండి ఆజాదీ ప్రకటించుకుంది. రాజధాని పేరు ఒకప్పుడు పిష్‌పెక్. 1926లో దాన్ని ఫ్రూంజె చేశారు. అదే ఊళ్లో పుట్టిన బోల్షెవిక్ సేనాని మిఖాయిల్ ఫ్రూంజె పేరది. 1991లో బిష్కెక్ అయింది. అంటే మా ఇంటి పెద్దావిడ ఇల్లు మారకుండానే ఊరి పేరు మారింది, దేశం మారింది. ఆవిడ తండ్రి తరంలో అయితే రాసే అక్షరాలే రెండుసార్లు మారాయి.

ఆవిడను నేను మొదట "ఆపా" అని పిలిచాను. మనకు ఆపా అంటే అక్క కదా, పెద్దవాళ్లను అదబ్‌గా పిలిచినట్టుంటుందనుకున్నాను. అక్కడ "అపా" అంటే అమ్మ, అమ్మలాంటి పెద్దావిడ. అలా మొదటి రోజే తెలియకుండా కొడుకునైపోయాను. ఆవిడ నన్ను "బాలమ్" అనేది. అంటే నా బిడ్డా అని.

ఆ జబాన్‌లో మన అల్ఫాజ్ ఎన్ని ఉన్నాయో! పుస్తకం "కితెప్". బడి "మెక్తెప్". మాస్టారు "ముగాలిమ్", మన ముఅల్లిమే. సందూఖ్ "సందిక్", కాగితం "కాగజ్". ఎవరైనా ఇష్టమైంది పెడితే "రహ్మత్" అని షుక్రియా చెబుతారు. వారాల్లో బుధవారం "షార్షెంబి", గురువారం "బెయ్‌షెంబి". మన దాదీలు చహార్‌షంబా, పంజ్‌షంబా అనేవారు గుర్తుందా? శుక్రవారం మాత్రం ఏ మార్పూ లేకుండా "జుమా". మొదటి నెల్లో నాకు భాష రాదు గానీ, బజారులో సగం మాటలు మా ఇంట్లోవే అనిపించేవి.

కానీ బోర్డుల మీద రాసి ఉన్నది చూస్తే ఆ చుట్టరికం కళ్లకు కనబడదు. కితెప్ అన్న మాట రష్యన్ అక్షరాల్లో ఉంటుంది. చెవికి సగా భాయి, కంటికి అజ్‌నబీ.

అది ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే జేబులోని నోట్లు చాలు. వాళ్ల రూపాయిని "సోమ్" అంటారు. వెయ్యి సోమ్‌ల నోటు మీద యూసుఫ్ ఖాస్ హాజిబ్ బొమ్మ ఉంటుంది. 10వ శతాబ్దంలో ఇస్లాం కబూల్ చేసిన కరాఖానీ తుర్క్ సుల్తనత్ పట్టణాల్లో ఒకటైన బలాసాగున్ ఆయన ఊరు. బిష్కెక్ నుండి తూర్పుకు దాదాపు 80 కిలోమీటర్లు వెళ్తే టోక్‌మోక్ దగ్గర ఆ పట్టణం మినార్ ఒకటి నేటికీ నిలబడి ఉంది. బురానా మినార్ అంటారు. 11వ శతాబ్దపు కట్టడం. జల్‌జలాలకు పై భాగం కూలిపోయి, 45 మీటర్ల మినార్ ఇప్పుడు దాదాపు 25 మీటర్లే మిగిలింది. లోపల చీకటి మెట్లెక్కి పైకి వెళ్తే చుట్టూ గడ్డి మైదానం, దూరంగా మంచు కొండలు. పట్టణం లేదు. యూసుఫ్ తన "కుతద్గు బిలిగ్" అనే నజ్మ్‌ను 1069-70లో కాష్‌గర్‌లో ముగించాడు. పాలకుడు అద్ల్‌తో ఎలా ఉండాలో చెప్పే 6 వేలకు పైగా బైత్‌లు, తుర్కీ జబాన్‌లో. దానికి ఇప్పుడు మిగిలినవి మూడు చేతిరాత ప్రతులు. రెండు అరబీ లిపిలో ఉన్నాయి, ఒకటి పాత ఉయ్‌గుర్ లిపిలో. అంటే ఒక కితాబ్ రెండు లిపుల్లో బతకడం ఆ నేలకు కొత్త కాదు. అదే కాలంలో మహమూద్ కాష్‌గరీ బగ్దాద్‌లో కూర్చుని తుర్కీ మాటలకు అరబీలో అర్థాలిస్తూ ఒక లుగత్ రాశాడు. అందులో గీసిన దునియా నక్షాకు మధ్యలో ఉన్నది బలాసాగునే.

దక్షిణాన ఓష్ నగరం నడిబొడ్డున సులైమాన్ కొండ ఉంది. 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ కొండ మీద యువకుడిగా ఉన్నప్పుడు ఒక చిన్న హుజ్రా కట్టించుకున్నానని బాబర్ తన తుజుక్‌లో రాసుకున్నాడు. మన పిల్లలు బడిలో పానిపట్ యుద్ధంతో పరిచయం చేసుకునే బాబర్, 1483లో పుట్టింది ఆ కొండకు దగ్గర్లోని అందిజాన్‌లో. ఆయన కూడా రాసింది తుర్కీ మాటల్లో, అరబీ లిపిలో. అక్బర్ దర్బార్‌లో అబ్దుర్ రహీమ్ ఖాన్-ఎ-ఖానాన్ దాన్ని ఫార్సీలోకి తర్జుమా చేశాడు.

ఇక పది సోమ్‌ల నోటు. దాని మీద ఉన్నది కాసిమ్ తినిస్తానోవ్. 1901లో పుట్టిన షాయర్, భాషా పండితుడు. కిర్గిజ్‌లు ఎక్కువగా గుర్రాల మీద తిరిగే పశుపోషకులు. వాళ్ల అదబ్ అంతా జబానీ, నోటి మీదే నడిచింది. 1924 నవంబర్ 7న తాష్కెంట్‌లో వాళ్ల మొదటి అఖ్‌బార్ "ఎర్కిన్-తో" వెలువడింది, అరబీ లిపిలో. మన ఉర్దూలో జేర్, జబర్, పేష్ రాయకుండా వదిలేస్తాం, తెలిసినవాడే చదువుకోవాలి. తినిస్తానోవ్ వంటివాళ్లు దిద్దిన అక్షరమాలలో అచ్చులన్నీ రాయాల్సిందే. కొత్తవాడు కూడా కూడబలుక్కుని చదవగలడు.

అయితే ఆ అక్షరాలకు ఉమ్ర్ నాలుగైదేళ్లే. 1926లో బాకులో జరిగిన తుర్కీ భాషల మహాసభ లాటిన్ వైపు మొగ్గింది. 1928 నాటికి కిర్గిజ్ లాటిన్‌లోకి మారింది. ఆ పనిలోనూ తినిస్తానోవ్ ఉన్నాడు. అందరికీ త్వరగా చదువు వస్తుందన్నది ఒక దలీల్. మస్జిద్‌తో, పాత కితాబ్‌లతో తెగతెంపులు చేయాలన్నది దాని వెనుక ఉన్న ఇరాదా. 1940 వచ్చేసరికి మాస్కో హవా మళ్లీ మారింది. ఈసారి రష్యన్ లిపి. పదహారేళ్లలో మూడు లిపులు. 1924లో చదవడం నేర్చుకున్న మనిషి 1941లో మళ్లీ అన్‌పఢ్.

తినిస్తానోవ్ ఆ మూడో లిపిని చూడలేదు. 1938 నవంబర్‌లో స్టాలిన్ మనుషులు ఆయనను కాల్చి చంపారు.

ఇదంతా నేను క్లాసులో విన్నాను, నోట్సు రాసుకున్నాను. కానీ తారీఖ్ అంటే ఏమిటో అర్థమైంది జనవరిలో ఒక జుమేరాత్ సాయంత్రం.

అపా ప్రతి జుమేరాత్ నూనెలో బోర్సోక్ వేయించేది. గోధుమ పిండితో చేసే చిన్న పూరీల్లాంటివి. ఆ నూనె వాసన మర్హూమ్‌లకు చేరుతుందని వాళ్ల నమ్మకం. అవి దస్తర్‌ఖాన్ మీద పెట్టి, వచ్చిన సూరాలు చదివి, చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా తలుచుకుని, రెండు చేతులతో ముఖం తుడుచుకునేవారు. మా ఇంట్లో జుమేరాత్ ఫాతిహాకు దాదీ హల్వా చేసి ఊదు వెలిగించడం గుర్తొచ్చి నాకు గొంతు పట్టుకునేది. ఇవి సరైనవా కావా అని మన దగ్గర బహస్ చేసేవాళ్లున్నారు, అక్కడా ఉన్నారు. నేను ఆ బహస్‌లోకి దిగను. మస్జిద్‌లు మూసేసి, అరబీ కితాబ్ ఇంట్లో కనబడితే ప్రాణాల మీదికొచ్చే కాలాన్ని ఆ కౌమ్ దాటింది. అందులో వంటింటి వరకూ మిగిలిన దీన్ ఇది. అందుకే నేను తల వంచి చేతులెత్తేవాణ్ని.

ఆ సాయంత్రం దువా అయ్యాక అపా లేచి వెళ్లి సందిక్ అడుగు నుండి గుడ్డలో చుట్టిన ఒక నోట్‌బుక్ తెచ్చింది. ఆవిడ తండ్రిది. 1942లో యుద్ధానికి వెళ్లాడు. తర్వాత ఇంటికి వచ్చింది "కారా కాగజ్". నల్ల కాగితం అని మానే. సిపాయి చనిపోయాడని వచ్చే ఖబర్‌ను వాళ్లు అలా పిలుస్తారు. అప్పటికి ఆవిడకు ఎనిమిదేళ్లు. ఆ నోట్‌బుక్‌ను వాళ్ల అమ్మ 1930లలో భయపడి గోడ సందులో దాచిందట. కాల్చేయమని చుట్టాలు చెప్పినా వినలేదట. అమ్మకు చదువు రాదు. అపాకు చదువు వచ్చింది, కానీ రష్యన్ అక్షరాల్లో. దాదాపు నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, తన అబ్బా చేతిరాతను డెబ్బై ఏళ్లుగా సందిక్‌లో పెట్టుకుని ఒక్క మాట చదవలేకపోయింది.

"నువ్వు ఖురాన్ చదువుతావు కదా బాలమ్, ఇవీ ఆ అక్షరాలే. చదువు," అంది.

నాకు ఆ భాష అంతంతమాత్రం. కానీ పాత లిపిలో అచ్చులన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు మస్జిద్‌లో నాజిరా నేర్పిన హాఫిజ్ సాబ్ ముందు కూర్చున్నట్టు కూర్చుని, వేలు పెట్టి ఒక్కో హర్ఫ్ కలుపుకుంటూ గట్టిగా చదివాను. నేను చదువుతున్నది నాకు తెలియదు, ఆవిడ వింటున్నది ఆవిడకు తెలుసు. హుర్ఫ్ నావి, జబాన్ ఆవిడది. మొదటి పేజీల్లో గొర్రెల లెక్కలు, ఎవరికో ఇచ్చిన ఖర్జ్. అపా తలూపుతూ నవ్వింది. తర్వాత ఒక పేజీలో "కార్", "అషూ" అన్న మాటలు వచ్చాయి. కార్ అంటే మంచు, అషూ అంటే కనుమ. అక్కడ ఆవిడ నవ్వు ఆగింది.

1916 సంగతి అది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మధ్య ఆసియా మగవాళ్లను సైన్యం వెనక కూలి పనికి తోలుకురమ్మని జార్ నికోలస్ ఫర్మాన్ ఇచ్చాడు. అప్పటికే రష్యా నుండి వచ్చిన కొత్త కాపులకు మేత భూములు పోగొట్టుకున్న జనం బగావత్ చేశారు. సైన్యం తుపాకులతో దిగింది. ప్రాణాలు దక్కించుకోవడానికి ఊళ్లకు ఊళ్లు తియాన్‌షాన్ కొండలు దాటి చైనా వైపు పరుగెత్తాయి. మంచు కనుమల్లో వేలాదిమంది చనిపోయారు. దాన్ని వాళ్లు "ఉర్కున్" అంటారు. సోవియట్ కాలంలో ఆ దుఃఖాన్ని పదిమందిలో చెప్పుకునే వీలు ఉండేది కాదు. నేను అక్కడున్నప్పుడే దానికి వందేళ్లు నిండుతున్నాయి.

అపా తండ్రి ఆ కనుమ దాటినప్పుడు పదేళ్లవాడు. ఆ పేజీలో ఆయన రాసింది మూడే వాక్యాలు. తన కంటే చిన్నదైన చెల్లెలు ఒకర్తి ఉండేదని, కనుమ పైన మంచులో ఆమెను వదిలి వచ్చారని, ఆమె పేరు ఫలానా అని. ఆ పేరు నేను రెండుసార్లు తప్పు చదివాను. మూడోసారి అపా నా నోటి నుండి అందుకుని తనే పూర్తి చేసింది. అలాంటి మేనత్త ఒకరు ఉండేదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడ్వలేదు ఆవిడ. నోట్‌బుక్ మూసి, లేచి వెళ్లి మళ్లీ చాయ్ పెట్టింది. తర్వాతి జుమేరాత్ మర్హూమ్‌ల పేర్లలో ఒక కొత్త పేరు చేరింది. వంద సంవత్సరాల తర్వాత ఆ చిన్నపిల్లకు దువా అందింది.

ఏప్రిల్‌లో అపా మనవరాలితో కలిసి అతా-బెయిత్ వెళ్లాను. "తండ్రుల సమాధులు" అని మానే. బిష్కెక్ బయట చోంగ్-తాష్ అనే ఊరి దగ్గర ఉంది. 1938 నవంబర్‌లో 137 మందిని చంపి అక్కడి ఇటుక బట్టీలో పడేసి పూడ్చేశారు. తినిస్తానోవ్, ప్రసిద్ధ రచయిత చింగీజ్ ఐత్‌మాతోవ్ తండ్రి తొరెకుల్ ఐత్‌మాతోవ్ అందులో ఉన్నారు. అక్కడి కాపలాదారు చనిపోయే ముందు ఆ రాజ్ తన కూతురికి చెప్పాడు. ఆమె దశాబ్దాల పాటు గుండెల్లో దాచుకుని, కాలం మారాక బయటపెట్టింది. 1991లో తవ్వినప్పుడు తొరెకుల్ మీద మోపిన నేరాల కాగితం కూడా దొరికింది. దాంతోనే ఆ ఎముకలు ఎవరివో తేలింది. ఒక్క కాగజ్! ఐత్‌మాతోవ్ 2008లో చనిపోతే ఆయనను అక్కడే, తండ్రికి దగ్గరగా దఫన్ చేశారు.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట చెప్పాలి. ఆ రష్యన్ లిపి బడులే అపాను టీచరమ్మను చేశాయి. గుడారాల్లో పుట్టిన ఆడపిల్లలు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. ఆవిడ ఎన్నడూ ఆ అక్షరాలను తిట్టలేదు. "లిపి చెడ్డది కాదు బాలమ్, తలుపు మూసి తాళంచెవి పారేయడం చెడ్డది," అంది ఒకసారి.

జూన్‌లో ఇంటికి తిరిగి వచ్చాను. మాది నల్లగొండ వైపు. దాదా నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివి, బడిపంతులుగా చేశారు. ఆ హుకూమత్‌లో ఉర్దూకు పెద్ద పీట. 1918లో తెరిచిన ఉస్మానియా యూనివర్సిటీలో పై చదువులు కూడా ఉర్దూలోనే. అదే రియాసత్‌లో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు, దానికి బడిలో చోటు తక్కువ. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" 1934లో తేవాల్సి వచ్చింది. జబాన్ విషయంలో హుకూమత్ చెయ్యి ఎవరి మీద పడినా నొప్పి ఒకటే, మనం ఒకవైపు నొప్పే చెప్పుకుంటే అది తారీఖ్ కాదు. 1948 తర్వాత గాలి మారింది. అబ్బా తెలుగు మీడియంలో చదివారు, నేనూ అంతే. మమ్మల్ని ఎవరూ కాల్చలేదు, మా కితాబ్‌లు ఎవరూ లాక్కోలేదు. నౌకరీ కోసం మేమే మెల్లగా వదిలేశాం. నేను ఈ మాటలు తెలుగులో రాస్తున్నాను, ఇది నా మాదరీ జబాన్ అంత దగ్గరిదే, అందులో నాకు షరమ్ లేదు.

కానీ మా అటక మీద దాదా ట్రంకు పెట్టె ఉంది. వచ్చిన వారానికి దాన్ని దించాను. సగం చెదలు తినేశాయి. మిగిలిన వాటిలో పదకొండు ఖత్తులు చదవగలిగే స్థితిలో ఉన్నాయి. నాకు అచ్చు ఉర్దూ కాస్త వచ్చు గానీ, దాదా రాత షికస్తా, పరుగెత్తే రాత. మా మొహల్లాలో రిటైరైన ఒక ఉర్దూ మాస్టారి దగ్గరకు తీసుకెళ్లాను, అబ్బాను కూడా రమ్మన్నాను.

మాస్టారు ఒక్కొక్కటీ చదివారు. ఎరువుల ధరలు, మేకల జబ్బు, ఎవరి షాదీకో కట్నం గొడవ. ఒక ఖత్ మాత్రం మిగతా వాటిలా లేదు. పెద్ద పెద్ద అక్షరాలతో, జేర్ జబర్‌లు పెట్టి, పిల్లలకు రాసినట్టు ఉంది. 1972లో అబ్బా హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్నప్పుడు రాసింది. "నీకు ఉర్దూ చదవడం కష్టమవుతోందని తెలిసింది, అందుకే పెద్దగా రాస్తున్నాను, ఒక్కసారి నువ్వే చదువు, వేరేవాళ్లతో చదివించుకోకు" అని ఉంది. మాస్టారు చదవడం ఆపి అబ్బా వైపు చూశారు. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రూమ్మేట్‌తో చదివించుకున్నాను. ఆ లైను వాడు నాకు చెప్పలేదు," అన్నారు.

ఆ రోజు నుండి అబ్బా, నేను వారానికి రెండు రోజులు ఇషా తర్వాత మాస్టారి దగ్గరకు వెళ్లాం. అబ్బాకు అరవై దాటాయి. ఖాయిదా పుస్తకం చేతిలో పట్టుకుని మొహల్లా దాటడానికి మొదట్లో సిగ్గుపడేవారు. ఎనిమిది నెలల్లో ఆ ఖత్ తనే చదివారు, వేలు పెట్టి, నేను అపా ముందు చదివినట్టే. ఆ పదకొండింటిలోనే ఒక చోట దాదా తన దాదా పేరు, ఆయన అబ్బా పేరు రాసి ఉన్నారు. కాబట్టి నాకు ఇప్పుడు ఐదు పేర్లు వచ్చు. మిగతా రెండూ చెదలు తిన్న సగంలో ఉన్నాయో ఏమో, అల్లాహ్‌కే తెలుసు.

ఈ మాటలు చదువుతున్న భాయియో, బహెనో, మీ ఇంట్లో కూడా ఒక ట్రంకు ఉంటుంది. నికాహ్‌నామా, పాత భూమి కాగితం, గల్ఫ్ నుండి వచ్చిన ఖత్, కితాబ్ మొదటి పేజీలో పిల్లల పుట్టిన తారీఖులు. ఈ ఈద్‌కు ఊరు వెళ్లినప్పుడు దాన్ని దించండి. చదవగలిగే బుజుర్గ్ ఒకరు ఇంకా మీ మొహల్లాలో ఉండగానే చదివించుకోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి, పక్కనే తెలుగులో రాసి పెట్టుకోండి. వీలైతే పిల్లలకు ఆ అక్షరాలు నేర్పండి.

నేను బయలుదేరే రోజున అపా గుమ్మంలో నాన్ ముక్క ఒకటి కొరికించి, మిగతాది దాచిపెట్టింది. మళ్లీ వచ్చి తినాలట. తర్వాత మూడేళ్లకు మనవరాలి నుండి ఖబర్ వచ్చింది, ఆవిడ పోయిందని. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ జుమేరాత్ మా ఇంట్లో అమ్మీ హల్వా చేసింది. అబ్బా మర్హూమ్‌ల పేర్లు చదివారు. మా ఐదు పేర్ల తర్వాత అపా పేరు, ఆవిడ వెనుక కనుమలో మిగిలిపోయిన ఆ చిన్నపిల్ల పేరు.